కోచ్ ఉండగా డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: "జట్టుని ఆడించేది కోచ్, డబ్బు పెట్టేది ఓనరు. మధ్యలో ఈ డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ చేసేదేంటి?"

నేనెప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. సికింద్రాబాద్‌లో ఒక చిన్న లీగ్ క్లబ్బుకి ఐదేళ్లు సెక్రటరీగా ఉన్నాను, అంతే. ఫారాలు నింపడం, ఫొటోలు అతికించడం, గ్రౌండ్ కోసం కాళ్లరిగేలా తిరగడం, ఉతికొచ్చిన జెర్సీలు లెక్కపెట్టుకోవడం. లివర్‌పూల్ అభిమానిగా ఇరవై ఏళ్లు టీవీ చూసినా తెలియని సంగతి ఆ చాకిరీలో తెలిసింది.

మా మొదటి కోచ్‌ది గాల్లో బంతి ఆట. వెనకనుంచి లేపి కొట్టాలి, ముందున్న ఆరడుగులవాడు తలతో దించాలి. ఆయన కోసం ఇద్దరు బారు మనుషుల్ని వెతికి పట్టుకొచ్చాం. మరుసటేడు ఆయనకి వేరే ఊరికి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన నేలమీద పాసుల మనిషి. వారం తిరక్కుండానే "ఈ తాటిచెట్లు నాకెందుకు భాయ్?" అన్నాడు. చిన్నగా, చురుగ్గా ఉండేవాళ్లని తెచ్చుకున్నాడు. మూడో కోచ్ వచ్చేసరికి రిజిస్టర్లో 27 పేర్లున్నాయి. వాళ్లలో సెంటర్ ఫార్వర్డ్‌లు ఐదుగురు. ఎడమ వైపు కాపు కాసే ఎడమకాలి బ్యాక్ ఒక్కడూ లేడు. ఎవరి తప్పూ లేదు. ఎవరికి వాళ్లు తమ ఆటకి కావలసినవాళ్లనే అడిగారు. అడిగినవాళ్లు వెళ్లిపోయారు, తెచ్చినవాళ్లు మిగిలారు.

ఆ రాత్రి లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు వరసలు గీశాను. ఒక్కో వరసలో మూడు గళ్లు: ఇప్పుడు ఆడేవాడు, వాడికి జ్వరమొస్తే ఆడేవాడు, రెండేళ్ల తర్వాత ఆడాల్సినవాడు. మూడో గడి తొమ్మిది వరసల్లో ఖాళీ.

పెద్ద క్లబ్బుల్లో డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌కి జీతమిచ్చేది ఆ మూడో గడి కోసమే. కోచ్ కళ్లు వచ్చే మ్యాచ్ మీదే ఉంటాయి, ఉండాలి కూడా; నాలుగు వరసగా ఓడితే పోయేది ఆయన ఉద్యోగమే. ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, కొత్త ఆటగాళ్లని వెతికే స్కౌట్లు ఎక్కడ తిరగాలి, అకాడమీ కుర్రాళ్లలో ఎవర్ని కొన్నాళ్లు వేరే క్లబ్బుకి లోన్‌కి పంపాలి, రేపు ఈ కోచే పోతే ఎవర్ని పిలవాలి అన్నవి ఇంకొకరి బల్లమీద ఉండాలి.

ఇంగ్లండ్‌లో చాలాకాలం ఈ రెండు పనులూ ఒక్క మేనేజరే చేసేవాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లో ఫెర్గూసన్, ఆర్సెనల్‌లో వెంగర్ అలాంటివాళ్లే. 2017లో ఈ పదవి గురించి అడిగితే, రోడ్డు మీద నిలబడి ఆటగాళ్లకి కుడి ఎడమ చూపించే మనిషా అని వెంగర్ ఎగతాళి చేశాడు. ఆయన వెళ్లిన మరుసటేడే, 2019లో, ఆర్సెనల్ తన పాత ఆటగాడు ఎడుని టెక్నికల్ డైరెక్టర్‌గా తెచ్చుకుంది. మన రహీం సాబ్‌దీ ఆ పాత పద్ధతే: అటు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, ఇటు సిటీ పోలీస్ జట్టు కోచ్, ఆపైన దేశం జట్టు కోచ్. అంతా ఒక్క బుర్రలో పట్టే రోజులవి.

ఇప్పుడు లివర్‌పూల్ సంగతి. 2016 నవంబర్లో మైకేల్ ఎడ్వర్డ్స్ స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు (పేరు వేరైనా పని దాదాపు ఇదే). 2017లో రోమాలో ఆడుతున్న సలాని కొందామని ఆయనా స్కౌటింగ్ మనుషులూ చెవిలో జోరీగలా పోరు పెట్టారని అప్పటి కోచ్ క్లాపే చెప్పాడు. తర్వాత సలా ఎంత పెద్ద స్టారయ్యాడో మీకు తెలిసిందే. కానీ నాకు అంతకంటే ముద్దొచ్చే లెక్క సోలంకే అనే ఫార్వర్డ్‌ది. చెల్సీ నుంచి వచ్చినందుకు లివర్‌పూల్ కట్టింది 30 లక్షల పౌండ్లు. లివర్‌పూల్‌కి లీగ్‌లో ఒక్కటంటే ఒక్క గోల్ కొట్టాడు. 2019 జనవరిలో బోర్న్‌మత్ క్లబ్బుకి 1.9 కోట్ల పౌండ్లకి అమ్మారు! అంతకు ఏడాది ముందు, 2018 జనవరిలో, మిడ్‌ఫీల్డర్ కుటినోని బార్సిలోనాకి ఇచ్చిన ఒప్పందం విలువ 14.2 కోట్ల పౌండ్ల దాకా. కుటినో వెళ్లిన నెలలోనే డిఫెండర్ వాన్ డైక్, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చారు. 2019లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచారు. అందుకే ఎవరైనా "మా డైరెక్టర్ ఏం కొన్నాడో చూడు" అంటే, ముందు ఏం అమ్మాడో చెప్పమంటాను.

ఈ విద్యలో గురువు, స్పెయిన్ క్లబ్బు సెవియ్యాలో చాలాకాలం పనిచేసిన మోంచి. ఆ క్లబ్బుకే గోల్‌కీపర్‌గా ఆడి, 2000లో జట్టు రెండో డివిజన్లో ఉండగా ఈ పని ఎత్తుకున్నాడు. డిఫెండర్ డాని ఆల్వెస్‌ని బ్రెజిల్ నుంచి తెచ్చి బార్సిలోనాకి అమ్మినలాంటి బేరాలు చేసుకుంటూనే కప్పులు కూడబెట్టాడు. సెవియ్యా గెలిచిన ఏడు యూరోపా లీగ్‌లూ (పాత యూఈఎఫ్‌ఏ కప్ కలిపి) ఆయన అక్కడ ఉన్నప్పటివే. మధ్యలో 2017లో ఇటలీ క్లబ్బు రోమాకి వెళ్లాడు. వెళ్లిన కొద్ది నెలలకే సలాని, మరుసటేడు అలిసన్‌ని అమ్మాడు. ఎవరికనుకున్నారు? ఎడ్వర్డ్స్‌కే. రెండేళ్లు నిండకుండానే రోమా వదిలేశాడు. అదే మనిషి, అదే బుర్ర; చుట్టూ ఉన్న ఇల్లే వేరు. ఓనరు మనసులో ఏముందో ముందే తేల్చుకోకపోతే ఎంత పేరున్నవాడికైనా కష్టమే. డాన్ ఆష్‌వర్త్ 2024 జూలైలో మాంచెస్టర్ యునైటెడ్‌కి స్పోర్టింగ్ డైరెక్టర్‌గా వచ్చి డిసెంబర్లో బయటికొచ్చేశాడు.

కోచ్‌తో గొడవలు రావా అంటే, వస్తాయి. నా పదకొండు వరసల కాగితం చూసి మూడో కోచ్ రెండు రోజులు మాట్లాడలేదు. "టీమ్ మీరే పెట్టుకోండి" అన్నాడు. పదకొండు మందిని ఎంచేది మీరే, ఆ ఎంపికలోకి నేను రాను, కానీ 28వ పేరు రాయాలంటే ముందు ఒక పేరు కొట్టేయాలి అన్నాను. అక్కడికి ఒప్పందం కుదిరింది. పేర్లు కొట్టేసే పని మాత్రం నాదే అయింది. పదేళ్లు ఆడిన ఒకాయన్ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఎదురుపడితే ఫోన్ చూసుకుంటాడు.

ఖాళీ గళ్లలో మొదట నిండింది ఎడమ బ్యాక్‌ది. ఒక స్కూల్ మ్యాచ్‌లో చూసిన పదిహేడేళ్ల కుర్రాడు. "గాలొస్తే ఎగిరిపోతాడు" అన్నాడు కోచ్. ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇంక తీయలేదు. రెండు సీజన్లయ్యాక పెద్ద క్లబ్బు ఒకటి అడిగింది. మా బేరం పన్నెండు కొత్త బంతులు, ప్రాక్టీసులో జెర్సీ మీద తొడిగే బిబ్స్ ఒక సెట్. మొదట ఎనిమిదన్నారు.