ఆర్మీ నుంచి వచ్చినవాళ్లకు ఉద్యోగం ఇవ్వాలన్న రూలు కంపెనీలకు ఉందా?

ప్రశ్న: మాది ఒడిశా, కోరాపుట్ జిల్లాలో తెలుగు కుటుంబం. 17 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా పెన్షన్‌తో వచ్చాను. వయసు 38, చదువు పదో తరగతి. రాయగడ వైపు ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ మేనేజరు సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామని మాటిచ్చి, ఇప్పుడు ఖాళీ లేదంటున్నాడు. మా తమ్ముడు అక్కడే పర్మనెంట్ ఫిట్టర్, టెరిటోరియల్ ఆర్మీలో (వేరే ఉద్యోగం చేసుకుంటూనే, పిలిచినప్పుడు వెళ్లే సైన్యం) కూడా ఉన్నాడు. డ్యూటీకి పిలిస్తే వెళ్లి వచ్చేసరికి, అతని స్థానంలో వేరేవాళ్లను పెట్టుకున్నామన్నారు. మాకు చట్టం ఏమైనా చేస్తుందా?

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి. అతని కేసు గట్టిది. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం ప్రకారం సర్వీసుకు పిలుపు వచ్చిన ఉద్యోగికి యజమాని సెలవు ఇవ్వాలి, తిరిగొచ్చాక మళ్లీ ఉద్యోగంలో చేర్చుకోవాలి. ప్రైవేటు ఫ్యాక్టరీ అయినా ఇదే రూలు. కుదరదంటే చట్టం నిర్దేశించిన అధికారి దగ్గరకు వెళ్లొచ్చు. ఆయన మళ్లీ తీసుకోమని ఆదేశించవచ్చు, లేదా ఆరు నెలల జీతం మించకుండా పరిహారం ఇప్పించవచ్చు. కారణం సబబుగా ఉందనిపిస్తే యజమానికి మినహాయింపు కూడా ఇవ్వొచ్చు. కాబట్టి కంపెనీ చెప్పే కారణాన్ని ఊరికే వదలొద్దు, రాతపూర్వకంగా అడగండి.

మీ విషయంలో మాత్రం ప్రైవేటు కంపెనీ మాజీ సైనికుణ్ణి తీసుకుని తీరాలన్న చట్టం లేదు. ఇన్నేళ్లు దేశానికి సేవ చేసినవారికి ఈ మాట చెప్పాల్సి రావడం నాకు బాధగానే ఉంది. సెక్యూరిటీ గార్డులను పెట్టే ప్రైవేటు ఏజెన్సీల విషయంలో 2005 నాటి చట్టం మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని అంటుందే గానీ ఇచ్చి తీరాలని అనదు. మేనేజరు నోటి మాట మీద కోర్టుకెళ్లి ఉద్యోగం తెచ్చుకోవడం కష్టం. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి వచ్చి ఉంటే సంగతి వేరు.

మీరు దృష్టి పెట్టాల్సింది ప్రభుత్వ రంగం మీద. దమన్‌జోడిలో నాల్కో (అల్యూమినియం సంస్థ), సునాబెడలో హెచ్‌ఏఎల్ (విమానాల తయారీ సంస్థ) మీ జిల్లాలోనే ఉన్నాయి. ఇలాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్ సి (గుమాస్తా స్థాయి) ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం. ఈ కేంద్ర ఉద్యోగాలకు మీ వయసులోంచి సర్వీసు తీసేసి లెక్కేస్తారు. 38లో 17 పోతే 21. అలా వచ్చిన వయసు పరిమితిని మూడేళ్ల వరకు దాటినా ఫర్వాలేదు. సాంకేతిక అర్హత అక్కర్లేని పోస్టుకు డిగ్రీ అడిగినా, పది పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్నవారిని అర్హులుగా తీసుకోవచ్చు.

ఒడిశా రాష్ట్ర ఉద్యోగాల్లో 3 శాతం కోటా ఉంది గానీ, అక్కడ ఒడియా ఒక సబ్జెక్టుగా ఎం.ఈ. (ఏడో తరగతి) స్థాయి పాసై ఉండాలి. మన సరిహద్దు ఊళ్లలో తెలుగు మీడియం చదివినవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. మీకా సర్టిఫికెట్ లేకపోతే తత్సమాన పరీక్ష ముందే రాసేయండి.

ఇంకొక జాగ్రత్త. రిజర్వేషన్ మీద ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే ఆ కోటా వాడుకున్నట్టే. అందుకే చేరిన వెంటనే, అప్పటికే అప్లై చేసిన మిగతా ఉద్యోగాల జాబితాతో ఆ ఆఫీసుకు డిక్లరేషన్ ఇవ్వండి. అప్పుడు వాటిలో ఏదొచ్చినా కోటా వర్తిస్తుంది. ఈలోగా డిశ్చార్జి బుక్‌తో జిల్లా సైనిక్ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. తమ్ముడిని తన యూనిట్ నుంచి పిలుపు వచ్చిన తేదీ, విడుదలైన తేదీ ఉన్న పత్రం తెచ్చుకోమనండి. దాన్ని జతచేసి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపమనండి.