మాల వేసుకుంటే మందు మానేస్తారా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మావారు పదేళ్లుగా రోజూ తాగుతారు. ఏటా అయ్యప్ప దీక్ష 41 రోజులూ ముట్టరు, మాల తీశాక మళ్లీ మొదలు. క్రితంసారి దీక్ష మూడో రాత్రి చేతులు వణుకుతూ లేని మనుషులతో మాట్లాడారు. స్వామి పూనాడన్నారు మా అత్తగారు. వారం నుంచి మందు మాన్పించే మాత్ర ఆయనకు తెలియకుండా సాంబారులో కలుపుతున్నాను. తాగితే వాంతులవుతున్నాయి. భక్తితో ఈ వ్యసనం పోతుందా?

జవాబు: భక్తి సంగతి తర్వాత. ముందు ఆ సాంబారు ఆపండమ్మా. మీరు పేరు రాయలేదు కానీ అది డైసల్ఫిరాం అయ్యుండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు కాబట్టి ఆయనకు చెప్పక తప్పదు. కోప్పడతారు, పడనివ్వండి. పరీక్షలు చేసి, మనిషిని ఒప్పించాకే మా డాక్టర్లం మొదలుపెట్టే మాత్ర అది. చీటీ అడగకుండా ఇచ్చిన షాపువాళ్లదీ తప్పే, తెచ్చి కలిపిన మీదీ తప్పే.

అలాగని ఒక్కసారిగా మాన్పించినా ప్రమాదమే. మీరు రాసిన మూడో రాత్రి లక్షణాలు పూనకంలా లేవు, డెలీరియం ట్రెమెన్స్‌లా, అంటే తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకు, మతిభ్రమణంలా ఉన్నాయి. రోజూ తాగేవారు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత ఇలా మతి తప్పడం జరగొచ్చు. చికిత్స అందకపోతే ప్రాణాలు పోతాయి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఆలస్యం చేయకుండా, ఆ మాత్రల అట్ట వెంటపెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక, నరాల ఆస్పత్రిలో వ్యసన చికిత్స విభాగం ఉంది. వణుకు, ఫిట్స్ రాకుండా మందులు, విటమిన్ బి1 ఇస్తారు. మోతాదు ఆయన్ని పరీక్షించిన డాక్టరే చెప్పాలి. సలహాకు వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు. ఫిట్స్ వస్తే మాత్రం ఫోన్లు పెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక భక్తి. చాలామందికి అది గట్టి ఆసరా. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో మొదలైంది, అది కూడా తమకు మించిన శక్తిని నమ్మమనే చెబుతుంది. దీక్షలో నల్లబట్టలు చూసి స్నేహితులు గ్లాసు చేతికివ్వరు. తాగే వేళకు భజన ఉంటుంది. అందరూ 'స్వామీ' అని గౌరవంగా పిలుస్తారు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి. మీవారు జారేది అక్కడే, భక్తి తక్కువై కాదు. ఈసారి డాక్టరు సరేనన్నాకే మాల వేయించండి. మాల తీసే వారంలోనే మళ్లీ చూపించుకునేలా తేదీ తీసుకోండి, తాగాలనే ఆరాటం తగ్గించే మందులున్నాయి. దీక్ష అయ్యాక కూడా శనివారాలు ఆ భజన బృందంతో వెళ్లమనండి.