నారింజ ఆవిరయ్యాక మిగిలేది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొదటి జీతంతో మంచి సెంటు సీసా ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నావనీ, నారింజ పులుపూ కలపా మిరియమూ కలిసిన రకం నీకు నచ్చిందనీ, అయితే దుకాణంలో పీల్చిన వాసనకూ ఇల్లు చేరేసరికి చేతిమీద మిగిలిన వాసనకూ పొంతన కుదరక వెనకాడుతున్నావనీ రాశావు. ముప్పై ఏళ్లు సుగంధ ద్రవ్యాల దుకాణం నడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఆ రకం స్వభావమే అది, నిన్నెవరూ మోసగించలేదు.

నారింజ తొక్కను గోటితో గిల్లినప్పుడు చిమ్మే తుంపరలో అధికభాగం లిమోనీన్ అనే పదార్థం. దాని అణుభారం 136 మాత్రమే కాబట్టి చర్మపు వేడికే అది త్వరగా ఎగిరిపోతుంది. శ్రీగంధానికి వాసననిచ్చే శాంటలోల్ అణుభారం 220. వట్టివేరు తైలంలోని ముఖ్య పదార్థాలూ ఇంచుమించు అంతే బరువైనవి గనుక గంటల తరబడి అంటిపెట్టుకొని ఉంటాయి. పావుగంటలో వెళ్లిపోయేవాటినీ, సాయంత్రందాకా ఉండేవాటినీ ఒకే సీసాలో పెడితే వాసన మధ్యలో విరిగినట్టు అనిపించాలి కదా. అలా అనిపించకుండా కాపాడేది మిరియం. మిరియాల తైలంలో నారింజలో ఉండే లిమోనీనూ ఉంది, కలప వాసనకు దగ్గరగా ఉండే కారియోఫిలీన్ అనే బరువైన పదార్థమూ ఉంది. ఒక చేత్తో నారింజను, మరో చేత్తో కలపను పట్టుకోగలిగిన దినుసు అది. నాలుకను మండించే పైపరీన్ ఆవిరి పట్టి తీసిన తైలంలోకి రాదు, అందుచేత ఇందులో కారం ఉండదు, పొడిగా, చురుగ్గా తగిలే వాసన మాత్రమే ఉంటుంది. లవంగం, జాజికాయ ఎక్కువైన రకాలు తియ్యగా, వెచ్చగా ఉంటాయి. నాకు మిరియమే ఇష్టం, ఇది నా పక్షపాతమనుకో.

ఈ రకాన్ని తెలుసుకోవడానికి మంచి నమూనా కావాలంటే, ఎర్మెస్ సంస్థకోసం ఝాన్ క్లోద్ ఎలెనా కూర్చిన ‘టెర్ డెర్మెస్’ను ఒక్కసారి పీల్చి చూడు. అది 2006లో వచ్చింది. మొదట నారింజా, గ్రేప్‌ఫ్రూటూ పలకరిస్తాయి; ఈ రెండోది మన పంపరపనసకూ తీపినారింజకూ పుట్టిన సంకరం కనుక ఆ చేదు నీకు కొత్తగా అనిపించదు. ఆ తరువాత మిరియం, దాని వెనుక చెకుముకిరాళ్లను రాపాడించినప్పుడు వచ్చేలాంటి పొడి వాసన, చివరికి దేవదారు, వట్టివేరు. వేసవిలో వట్టివేరు తడికలమీద నీళ్లు చల్లినప్పుడు ఇంట్లోకి వచ్చే గాలిని ఎరిగిన మనకు ఆ చివరి ఘట్టం సులువుగా అర్థమవుతుంది. కొనమని కాదు, దాని ధర నీ మొదటి జీతానికి తగదు. కొలమానంగా మాత్రం ఉంచుకో.

పరీక్షించేటప్పుడు ఒక రోజున రెండింటికి మించి చూడవద్దు. కాగితపు పట్టీమీద నచ్చినదాన్ని మణికట్టుమీద ఒక్కసారి కొట్టించుకొని, చేతులు రెండూ రుద్దుకోకుండా, ఏమీ కొనకుండా బయటికి వచ్చేయి. అరగంట తరువాత ఒకసారి, నాలుగు గంటల తరువాత ఒకసారి పీల్చు. నువ్వు డబ్బు చెల్లించేది ఆ నాలుగో గంటకే. దుకాణంవారు ఇచ్చే కాఫీగింజలకన్నా వీధిలోని గాలి ముక్కుకు ఎక్కువ విశ్రాంతినిస్తుంది. వాసన పూర్తిగా పోయిందనిపిస్తే తొందరపడి మళ్లీ కొట్టుకోకు. కలప వాసనలకు ముక్కు త్వరగా అలవాటు పడుతుంది, నీకు తెలియకపోయినా పక్క కుర్చీలోని వారికి తెలుస్తూనే ఉంటుంది. మన ఎండల్లో రెండు చిమ్ములు చాలు.

చౌకగా దొరికిందని తైలాలు తెచ్చి ఇంట్లో కలుపుకోవాలనే ఆలోచన ఉంటే మానుకో. కుర్రతనంలో నేను బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలాన్ని దేనిలోనూ కలపకుండా మెడకు రాసుకొని మిట్టమధ్యాహ్నం స్కూటరుమీద తిరిగి, నెలల తరబడి గోధుమరంగు మచ్చలు మోశాను. ఆ తైలంలోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది.

కొన్నాక సీసాను స్నానాలగదిలోనూ, కిటికీ గట్టుమీదా పెట్టకు. వేడికీ వెలుతురుకూ, లోపలికి చేరే గాలికీ ముందుగా చెడేది నారింజ భాగమే. పాతబడిన లిమోనీన్ టర్పెంటైన్‌లా కంపుకొట్టడమే కాక కొందరికి దద్దుర్లు కూడా తెస్తుంది. బట్టల బీరువాలో, అట్టపెట్టెతో సహా ఉంచు.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు నువ్వు ఎంచిన రెండింటి పట్టీలనూ వేర్వేరు కవర్లలో పెట్టి, ఏది ఏదో గుర్తు రాసి తీసుకురా. వాటిని ముందు మీ అత్తయ్యకు ఇద్దాం. దుకాణం నాదే అయినా ముక్కు ఆవిడదే మంచిది.

ఇట్లు,
మామయ్య