మా అబ్బాయిని చెడగొట్టింది ఫోనా, మేమా?

ప్రశ్న: మాది గాజువాక. మా వారు షిఫ్టుల మీద ఉద్యోగం చేస్తారు. అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి. చదువు కోసమని కొన్న ఫోనులో వాడు అశ్లీల వీడియోలు చూస్తున్నట్టు గత నెల బయటపడింది. మా వారు చెయ్యి చేసుకుని ఫోను లాగేసుకున్నారు. అప్పటి నుంచి వాడు నా మొహం కూడా చూడటం లేదు. ఇంట్లో ఏనాడూ అలాంటి మాటే రానివ్వలేదు. పోయిన వేసవిలో మా అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షను ఘనంగా చేశాం గాని, వాడి ముందు ఆ సంగతి ఎత్తలేదు. సినిమాలు, ఫోన్లే పాడుచేశాయని నేనంటాను; నా గారాబమే కారణమని ఆయనంటారు. తప్పెవరిది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘ఏనాడూ అలాంటి మాటే రానివ్వలేదు’ అన్న చోట నేను కాసేపు ఆగాను. మాట రానివ్వని ఇంట్లో కూడా పిల్లలు మన మొహాలు చూసి చాలా నేర్చుకుంటారు. మీ అమ్మాయి ఫంక్షనే తీసుకోండి. మన వైపు ఆనవాయితీ ప్రకారం గేటు పక్కన ఫ్లెక్సీ కట్టించే ఉంటారు; అందులో ఓణీ వేసుకున్న అమ్మాయి ఫొటో, కింద మేనమామల పేర్లు. వీధి వీధంతటికీ చాటిన ఆ కబురుకు అర్థమేమిటో, నెలనెలా రక్తస్రావం ఎందుకవుతుందో, బంతుల మధ్య మంచినీళ్లు అందిస్తూ తిరిగిన అన్నకు మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. అడిగినా ‘నీకెందుకురా, అవతలికి పో’ అనే అని ఉంటారు. ఆడపిల్ల శరీరం గురించి ఊరంతా పండగ చేసుకోవచ్చు గాని ఇంట్లో నోరు విప్పి అడగకూడదన్న పాఠం వాడికి ఆ రోజే అందింది. టీవీలో శానిటరీ ప్యాడ్ల ప్రకటన రాగానే తండ్రి రిమోటు కోసం తడుముకోవడం, మెడికల్ షాపులో అవే ప్యాడ్లను కాగితంలో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇవ్వడం కూడా ఆ పాఠంలో భాగమే.

ప్రభుత్వానిదీ ఇదే తీరు. కండోమ్ ప్రకటనలను రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల లోపే వేయాలని 2017 డిసెంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ టీవీ చానళ్లకు సూచించింది. అప్పటికే చౌక డేటా పుణ్యమా అని వేళాపాళా లేని తెర పిల్లల చేతుల్లోకి వచ్చేసింది.

అలాగని ఫోనుది తప్పేమీ లేదని నేను అనను. ఆ వీడియోలు డబ్బు కోసం నటింపజేసి, కత్తిరించి అతికించినవి. వాటిలో ‘నీకు ఇష్టమేనా’ అని అడిగేవారు అరుదు, గర్భం వస్తుందన్న ఆలోచన గాని, జబ్బులు అంటుకుంటాయన్న భయం గాని కనిపించవు. సంగతులు కొంత ముందే తెలిసిన పిల్లవాడు ఇదంతా కల్పన అని పోల్చుకోగలడు. ఏమీ తెలియనివాడికి పోల్చుకోవడానికి రెండోది ఉండదు కాబట్టి, తెర మీద చూసిందే కాపురమనుకుంటాడు. మీ ఇద్దరి వాదనలో తేలాల్సింది ఇదే: పాఠం చెప్పింది ఫోనే, కాని నల్లబల్లను ఖాళీగా వదిలింది ఇల్లు.

ఇప్పుడు మాట్లాడాల్సింది మీ వారు. కొట్టడం తన పొరపాటని ముందు ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట లేకపోతే తక్కినవేవీ వాడి చెవికెక్కవు. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయకుండా, సెలవు రోజున యారాడ తీరానికి తీసుకెళ్లి, పక్కన నడుస్తూ మాట్లాడమనండి. కళ్లలో కళ్లు పెట్టి చూడనక్కర్లేనప్పుడు మగపిల్లలు నోరు విప్పుతారు. ఈ వయసులో కుతూహలం సహజమని, స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం జబ్బులు కావని, వాటివల్ల నరాలు బలహీనపడవని చెప్పాలి. లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినా, లాడ్జి గదుల్లో ‘వైద్యం’ చేసేవారు ఈ భయం మీదే బతుకుతున్నారు. 18 ఏళ్లలోపు వారితో తీసిన అశ్లీల దృశ్యాలను చూడటం, దాచుకోవడం, పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరమన్నది మాత్రం గట్టిగానే చెప్పాలి. తోటి విద్యార్థిని ఫొటో గ్రూపులో తిప్పడం సరదా అనుకునే పిల్లలున్నారు.

చెబితే తొందరపడతారేమోనన్న అనుమానం మీకు వస్తుంది. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని 2018లో యునెస్కో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఫోను తిరిగి ఇవ్వండి, అయితే హాల్లో వాడుకునేలా, పడుకునే ముందు మీ దగ్గర పెట్టేలా ఒప్పందం చేసుకోండి. వాడు మీ ఇద్దరితోనూ మాట్లాడకపోతే, 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వారికి సలహాలిచ్చే విభాగం దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో ఉందేమో కనుక్కోండి. మరొకటి, ఈ సంభాషణలో అమ్మాయి వంతు కూడా ఉంది. ఆమెతో మీరు మాట్లాడండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. మద్దిలపాలెం బస్టాపులో రోజూ కనిపించే అమ్మాయికి నా ఇష్టం చెప్పాను. వద్దంది. వెంటపడితే ఒప్పుకుంటుందని, సినిమాల్లో జరిగేది అదేనని స్నేహితులంటున్నారు. ఇంకొన్నాళ్లు ప్రయత్నించనా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: సినిమాలో ఆ అమ్మాయి చివరికి ఒప్పుకుంటుంది, ఎందుకంటే ఒప్పుకోవాలని రచయిత ముందే రాసిపెట్టాడు. మీరు అడిగిన అమ్మాయి జవాబు ఆమె సొంతం, అది మీకు వచ్చేసింది. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన స్త్రీని పదేపదే వెంటాడటం 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకూ జైలు పడవచ్చు. జైలు సంగతి పక్కన పెట్టినా, ఆ అమ్మాయి రోజూ కాలేజీకి వెళ్లాలంటే అక్కడే నిలబడాలి. కొన్నాళ్లపాటు మీరే మరో స్టాపులో బస్సెక్కండి.