క్రోటన్లు నాటే ముందు ఆ గోడకు ఎండెంతో చూడు

బుజ్జమ్మా,

కొత్తింటి ప్రహరీ పొడుగునా క్రోటన్లు పెడతావట, కడియం నుంచి బండి కూడా మాట్లాడావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క బెంగ. మనవాళ్లంతా ఇల్లు కట్టగానే వాకిలంతా సిమెంటు పోయించేశారు, మొక్కల కోసం మట్టి వదిలింది నువ్వొక్కదానివే.

గుంట తవ్వడం, మాగిన పశువుల ఎరువు కలపడం, సాయంత్రం నాటి వెంటనే నీళ్లు పోయడం నీకు తెలిసినవే. కొత్తలో కొన్ని ఆకులు రాలితే టెన్షన్ పడకు, చోటు మారితే క్రోటన్ అలాగే చేస్తుంది.

నా భయమంతా రంగు గురించే. రాజమండ్రి ఇంట్లో ఉన్నప్పుడు మీ నాన్న కడియపులంక వెళ్లి ఎరుపు, పసుపు చారలున్నవి ఏరికోరి తెచ్చి మామిడిచెట్టు కింద వరసగా నాటాడు, నీడలో చల్లగా ఉంటాయని. నర్సరీ నుంచి వచ్చిన పాత ఆకుల్లో రంగు అలాగే ఉండేసరికి అంతా బాగుందనుకున్నాడు. వానలు పడి కొత్త ఆకులొచ్చాయి, అవి ముదిరినా ఆకుపచ్చగానే ఉండిపోయాయి. బలం చాల్లేదనుకుని యూరియా వేశాడు. ఇంకేముంది, ఆకులు పెద్దవై నిగనిగలాడాయి, ఇంకా పచ్చబడ్డాయి! నర్సరీవాళ్లు మోసం చేశారని తిట్టాడు కూడా, వాళ్ల తప్పేమీ లేదు పాపం. వెలుతురు చాలకపోతే మొక్క ఉన్న కాస్త వెలుగునీ పట్టుకోవడానికి పత్రహరితం ఎక్కువ చేసుకుంటుంది, ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ తగ్గించుకుంటుంది. అది జబ్బు కాదు. తాతగారు మామిడి కొమ్మలు కొట్టించి ఎండ పడేలా చేశాక వచ్చిన ఆకులు మెల్లగా ఎరుపు తిరిగాయి, కానీ అప్పటికే మీ నాన్న మనసు విరిగి సగం పీకేశాడు. ఆ తర్వాత ఒక్క మొక్క కూడా నాటలేదు తల్లీ. నువ్వూ అలా విసిగిపోతావేమోనని ఇంత రాస్తున్నాను.

క్రోటన్, అకాలిఫా, పసుపు దురంతాలకు రోజూ నాలుగైదు గంటల ఎండ కావాలి. పక్క అపార్ట్‌మెంట్ నీడ పడేచోట ఎగ్లోనిమా పెట్టుకో. కోలియస్‌కి పొద్దుటెండ చాలు, మధ్యాహ్నపు ఎండకి అది వెలిసిపోతుంది. షేడ్ నెట్ కింద పెరిగినవాటిని తెచ్చీ తేగానే ఎండలో పెట్టావంటే ఊరుకోను! ముందు నీడలో ఉంచి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి.

క్రోటన్ చిగురు చాలా రకాల్లో పచ్చగానో పసుపుగానో వచ్చి ముదిరాకే ఎర్రబడుతుంది, కాబట్టి కంగారుపడి ఎరువు వెయ్యకు. తెల్లమచ్చలున్న మొక్కల్లో పూర్తిగా ఆకుపచ్చ కొమ్మ వస్తే మాత్రం జాలి చూపకుండా మొదలుకంటా తీసెయ్, బలం దానిదే కాబట్టి తక్కినవాటిని మింగేస్తుంది. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది రంగు కాదు, ఇనుము అందక. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లతో అలా అవుతుంది.

బాబు ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు. క్రోటన్ ఆకు, పాలు రెండూ మంచివి కావు, వాడికి అందేచోట నాటకు. కత్తిరించాక నువ్వూ చేతులు కడుక్కో, చిన్నప్పటి నుంచీ నీకు కళ్లు నలుపుకునే అలవాటు.

ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి ఆ గోడ ఫోటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా బండివాడికి అడ్వాన్స్ ఇవ్వకు.

మీ అత్త