ఒప్పుకున్న ఇంటికి ఇంకొకరు ఎక్కువ పెడితే

బిడ్డా,

పానగల్ రోడ్డు ఇంటి సంగతి మీ అమ్మ ఫోన్ల చెప్పింది. 46 లక్షలకు మాట అయింది, 50 వేలు ఫోన్‌పేల పంపిన్రు, వారం తిరగకముందే ఇంకెవరో 50 లక్షలు ఇస్తమన్నరని ఇంటాయన మీతోని "పెంచుతరా, పైసలు వాపస్ తీసుకుంటరా" అన్నడట. కోపం వస్తది, సహజమే. కానీ ఆయనను ఫోన్ల తిట్టకున్రి. ఇయ్యాల తిడితే రేపు ఆ రెండో బేరం చెడినప్పుడు మీకు ఫోన్ చెయ్యడు. ఇసొంటి రెండో బేరాలు చానా చెడుతయి.

మొదలు ఆ రెండో గిరాకి నిజంగ ఉన్నడా లేడా తెలుసుకో. కమీషన్ మీద బతికే మధ్యవర్తి ఒక అంకె గాలిల ఇసిరి చూసుడు కొత్త కాదు. అల్లుడిని సాయంత్రం పూట మధ్యవర్తి లేకుంట ఇంటాయన దగ్గరికి పొమ్మను. మర్యాదగ నాలుగు మాటలు అడగాలె: వాళ్ళు బయానా (అడ్వాన్సు) ఇచ్చిన్రా, ఎంత ఇచ్చిన్రు, లోన్ మీద కొంటరా రొక్కం ఉన్నదా, అగ్రిమెంట్ ఎన్నడు రాసుకుంటమన్నరు. నిజమైన గిరాకి అయితే జవాబుల తారీఖు ఉంటది, అంకె ఉంటది. "చూసిపోయిన్రు, మళ్ళ వస్తమన్నరు" అంటే అది వట్టి మాట. అప్పుడు అక్కడనే చెప్పాలె: "46కే ఎల్లుండి అగ్రిమెంట్ రాసుకుందాం, 5 లక్షల చెక్కు తెస్తం." చేతికి వచ్చే చెక్కు ముందట, వస్తనో రానో అనే 4 లక్షలు చిన్నగ కనబడుతయి.

గిరాకి నిజమే అయితే అతను ఎసొంటోడో కూడ కనుక్కో. ప్లాటు అమ్మిన పైసలు చేతిల ఉన్నోళ్ళు, ఆ లాభం మీద పన్ను తప్పాలంటే రెండేండ్ల లోపల ఇల్లు కొనాలె. గడువు దగ్గర పడుతున్నోడు 2 లక్షలకు, 3 లక్షలకు వెనకాడడు, బ్యాంకు కోసం ఆగడు. అతనితోని పోటీకి దిగొద్దు.

పెంచుదామా అని నీకు అనిపిస్తుంటది. ముందు ఈ లెక్క చూడు. ఇంటి లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపల ఉంటే బ్యాంకు 80 శాతం దాకనే ఇస్తది. అది కూడ నువ్వు రాసుకున్న ధర, బ్యాంకు వాల్యూయర్ కట్టిన విలువ, ఈ రెండిట్ల ఏది తక్కువైతే దాని మీద. వాల్యూయర్ 43 లక్షలు కట్టిండనుకో, వచ్చేది 34 లక్షల 40 వేలు. 46కు కొంటే నీ చేతి నుంచి 11 లక్షల 60 వేలు, దాని మీద రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, అంటే 3 లక్షల 45 వేలు, కలిపి 15 లక్షల 5 వేలు. అదే ఇల్లు 50కి పోతే వాల్యూయర్ విలువ పెరగదు, లోన్ పెరగదు. నీ వాటా 15 లక్షల 60 వేలు, రిజిస్ట్రేషన్ 3 లక్షల 75 వేలు, మొత్తం 19 లక్షల 35 వేలు. అంటే పెంచిన 4 లక్షల్ల ఒక్క పైస కూడ బ్యాంకు మొయ్యదు, పైన ఇంకో 30 వేలు నీ మీదనే పడతది. ఆ 4 లక్షల 30 వేలు పర్సనల్ లోన్ తెస్తే, 12 శాతం లెక్కన అయిదేండ్లు నెలకు తొమ్మిదిన్నర వేలు, ఇంటి ఈఎంఐ కాక. ఇంకొకటి, ధర 50 లక్షలకు చేరితే ఇంటాయనకు ఇచ్చే దాంట్ల ఒక శాతం పట్టుకొని ఇన్‌కమ్ టాక్స్‌కు కట్టే పని కూడ నీదే.

అందుకని పెంచుతే ఒక్కసారే పెంచు. లక్షకు మించొద్దు. "అగ్రిమెంట్ రేపే" అనే షరతు మీదనే. రేపు కాదు, ఆలోచిస్త అంటే ఆయన నీ అంకె పట్టుకొని అవతలోడి దగ్గరికి పోతడు. అక్కడితోని వదిలెయ్.

కోర్టు సంగతి అడిగినవట. నీ దగ్గర 50 వేలు పంపిన ఫోన్‌పే రసీదు, నాలుగు వాట్సాప్ ముచ్చట్లు ఉన్నయి. నోటి మాట కూడ ఒప్పందమే అని చట్టం అంటది కానీ, ధర ఎంత, గడువు ఎంత, ఎవరెవరు సంతకం పెట్టాలె అనేవి రుజువు చెయ్యాల్సింది నువ్వు. ఈ 50 వేల కోసం ఏండ్లకేండ్లు తిరగుడు దండగ. పైసలు వాపస్ తీసుకో, నగదు వద్దు, వచ్చిన ఖాతాకే రావాలె. అది వచ్చేదాక "సరే, మాకేం అభ్యంతరం లేదు" అని రాయకు. ఈ ఒక్క మెసేజ్ పంపు: "ఫలానా తారీఖున మీ ఇంటి కోసం ఇచ్చిన 50,000 రూపాయలు అదే ఖాతాకు రెండు రోజులల్ల పంపగలరు. అవతలి బేరం కుదరకపోతే 46 లక్షలకు వెంటనే అగ్రిమెంట్ రాసుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము." నెల రోజుల దాక ఆ తలుపు తెరిచే ఉంటది.

కాగితం రాసుకొని 5 లక్షలు ఇచ్చినంక ఇట్ల అయి ఉంటే నా మాట వేరే ఉండేది. అప్పుడు వకీలుతోని నోటీసు ఇప్పించి, పేపర్ల ప్రకటన వేయించి, ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టుల రిజిస్ట్రేషన్ చేయించుమని దావా వెయ్యొచ్చు. అగ్రిమెంట్ల రాసిన గడువు తారీఖు నుంచి మూడేండ్ల లోపల వెయ్యాలె. ఈ దావాల చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం) 2018ల సవరించినంక ఇవి కొన్నోళ్ళకు కొంత బలంగ ఉన్నయి. కానీ మిగిలిన పైసలు ఇయ్యడానికి మొదటి రోజు నుంచి సిద్ధంగున్నమని చూపాలె: లోన్ మంజూరు కాగితం, ఖాతాల నిలువ. అది చూపలేక ఓడిపోయినోళ్ళు ఉన్నరు. ప్రకటన ఎందుకంటే, నీ అగ్రిమెంట్ సంగతి తెల్వకుంట మంచిగ పైసలిచ్చి కొన్నోడిని చట్టం కాపాడుతది. తెలిసి కొన్నోడిని కాపాడది.

ఇగ అసలు సంగతికి వస్త. ఇల్లు చేజారేది ధర ఒప్పుకున్న రోజుకూ, అగ్రిమెంట్ రాసుకున్న రోజుకూ నడుమ ఉన్న ఖాళీల. ఆ ఖాళీ మీకు వారం అయింది. రెండు రోజులకు తేవాలె. అట్ల కావాలంటే ధర అడగకముందే పనులు అయిపోవాలె.

ఇల్లు చూడకముందే బ్యాంకుకు పోయి మీ ఇద్దరి జీతాల మీద ఎంత లోన్ వస్తదో రాయించుకో. ఇల్లు నచ్చినంక బేరం మొదలువెట్టక ముందే లింక్ డాక్యుమెంట్ల (ఆ ఇంటి పాత అమ్మకాల కాగితాల) జిరాక్స్ అడుగు. "బేరం కుదిరినంక ఇస్తం" అంటే డాక్యుమెంట్ నంబరన్న అడుగు. నంబరు, సంవత్సరం ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటుల ఈసీ (ఆ ఆస్తి మీద అయిన రిజిస్ట్రేషన్ల, తాకట్ల పట్టిక) కూసున్నకాడనే చూడొచ్చు, 1983 నుంచి ఉంటయి. నల్లగొండ పాత బస్తీ ఇండ్లల్ల, ఊరు కలిసిన కాలనీలల్ల గ్రామకంఠం (పాత ఊరి నివాస జాగ) ఇండ్లుంటయి. చానా వాటికి ఇంటి పన్ను రసీదు తప్ప వేరే కాగితం ఉండదు, బ్యాంకులు వెనకాడుతయి. అసొంటిది లోన్ మీద కొనలేవు, బేరమే వద్దు. కాగితాలు ముందే వకీలుకు చూపిస్తే, ధర కుదిరిన రోజు "చూపించుకొని వస్తం" అని వారం అడిగే అవసరం ఉండదు. ఆ వారమే ఇంకొకరికి దారి.

 

సంతకాలు ఎవరెవరు పెట్టాలెనో ముందే తేల్చుకో. తండ్రి ఆస్తి అయితే అన్నదమ్ములే కాదు, ఆడబిడ్డలు కూడ. బేరం వెనక్కి పోవాలనుకున్నోడు మొదలు చెప్పే మాట "మా చెల్లె ఒప్పుకుంటలేదు" అని. ఆమె సంతకం అగ్రిమెంట్ మీదనే ఉంటే ఆ మాటకు చోటుండదు.

బయానా ఎంత ఇయ్యాలె? ధరల పదోవంతు అని లోకం అంటది. నేను ఇంకో లెక్క చెప్త. వేరే ఎవరన్న ఎంత పెంచొచ్చు, దానికన్న ఎక్కువ ఇయ్యాలె. నువ్వు ఇచ్చింది 50 వేలు. ఆయన రెట్టింపు వాపస్ ఇచ్చినా పోయేది 50 వేలు, వచ్చేది 4 లక్షలు. ఎవడన్న ఎందుకు నిలబడతడు? 5 లక్షలు ఇచ్చి రెట్టింపు షరతు రాసుకుంటే, 4 లక్షల కోసం 5 లక్షలు పోగొట్టుకోడు. రెట్టింపు మొత్తం కోర్టు ఇప్పిస్తదని గ్యారంటీ లేదు, న్యాయమైన నష్టం వరకే చూస్తది. అయినా పెద్దమనుషుల పంచాయితీల ఆ వాక్యం బలంగ పనిచేస్తది. ఇట్ల రాయించు:

"అమ్మకందారు గడువులోగా ఈ ఆస్తిని ఇతరులకు అమ్మినా, రిజిస్ట్రేషనుకు రాకపోయినా, తీసుకున్న బయానాతో పాటు అంతే మొత్తం నష్టపరిహారంగా చెల్లించవలెను. అట్లు చెల్లించినంత మాత్రాన, కోర్టు ద్వారా రిజిస్ట్రేషను చేయించుకొను కొనుగోలుదారు హక్కు పోదు."

రెండో వాక్యం మర్చిపోతరు. అది లేకపోతే "రెట్టింపు పడేసిన, నీకు నాకు తెగింది" అంటడు. ఇంకో షరతు నీ కోసం: కాగితాలల్ల లోపం ఉన్నదని బ్యాంకు లోన్ ఇయ్యకపోతే బయానా మొత్తం వాపస్. గడువు 60 రోజులు పెట్టుకో. 30 రోజులకు ఒప్పుకోకు. లోన్ ఆలస్యమై గడువు దాటితే మాట తప్పినోళ్ళు మీరైతరు, బయానా ఆయన ఉంచుకుంటడు. హద్దులు, గజాలు, ఇంటి నంబరు, కరెంటు సర్వీసు నంబరు, లింక్ డాక్యుమెంట్ నంబరు అన్నీ అగ్రిమెంట్ల ఉండాలె.

పైసలు ఖాతా నుంచి ఖాతాకే. 20 వేలు, అంతకు మించి ఇల్లు అమ్మిన పైసలు నగదుగ తీసుకుంటే తీసుకున్నోడికే అంత జరిమానా పడొచ్చు, ఈ మాట ఇంటాయనకు చెప్పు. "కాగితం మీద 30 రాసుకుందాం, మిగిలింది చేతికియ్యి" అన్నోడి దగ్గర కొనకు. బ్యాంకు 30 మీదనే లోన్ ఇస్తది, తగువు వస్తే చేతికిచ్చిన 16 లక్షలకు సాక్ష్యం ఉండదు.

వీలైతే అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించు. మన దగ్గర 1999 నుంచి అమ్మకపు ఒప్పందం కూడ రిజిస్టర్ చెయ్యాలెనని చట్టమే ఉన్నది. జనం మటుకు 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకొని ఊకుంటరు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్ మీద కూడ దావా నడుస్తది. కానీ స్టాంపు తక్కువుంటే కోర్టుల ఆ తక్కువతో పాటు పదింతల దాక జరిమానా కట్టమంటరు. అంతకన్న పెద్ద లాభం వేరే ఉన్నది. రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ ఈసీల కనబడతది. ఇంకో గిరాకి వచ్చినా, వాళ్ళ బ్యాంకు వకీలు ఈసీ తీసినప్పుడు మీ పేరు చూసి ఆగిపోతడు. అమ్మేటోళ్ళు దీనికి ముఖం ముడుచుకునేది కూడ అందుకే. బయానా ఇంకో లక్ష ఎక్కువిస్తమని అడుగు, కొందరు ఒప్పుకుంటరు. ఒప్పుకోకపోతే వకీలుతోని "ఈ ఆస్తి మా క్లయింటు కొంటున్నరు, అభ్యంతరాలుంటే 7 రోజులల్ల చెప్పున్రి" అని పేపర్ల వేయించు. అభ్యంతరాలు తెలుస్తయి, రేపు ఎవరన్న "నాకు తెల్వదు" అనడానికి కూడ ఉండదు.

ఆషాఢం సంగతి ఒకటి. మన దిక్కు ఆషాఢంల, మూఢంల, పెత్రమాస ముందర ఎవ్వరు రాసుకోరు. "శ్రావణంల మంచిరోజు చూసి రాసుకుందాం" అని చెయ్యి కలుపుతరు. ఆ నెల రోజులు ఇంటికి వచ్చీపోయేటోళ్ళు ఆగరు. రిజిస్ట్రేషన్ శ్రావణంలనే పెట్టుకో, అగ్రిమెంట్, బయానా మటుకు శ్రావణం దాక ఆగకుంట వెంటనే కానియ్యి. మీ అత్తమ్మ వద్దంటే, అగ్రిమెంట్‌కు ముహూర్తం అక్కరలేదని నేను చెప్పిన్నని అను.

50 వేలు వాపస్ వచ్చినంక ఫోన్ చెయ్యి. మీర్‌బాగ్ కాలనీల చూసిన రెండో ఇంటి డాక్యుమెంట్ నంబరు ఈలోపల అడిగి పంపు. ఈసీ నేను చూస్త, మీరు బ్యాంకు పని మొదలువెట్టున్రి.

మీ మామ