రెండు షెడ్యూళ్లను పక్కపక్కన పెడితే పోలిక అయిపోదు

అమ్మలూ,

ఇన్సులిన్ పంపు సెట్టింగుల్లో ఏం మారిందో చూపడానికి నువ్వు గీసి పంపిన తెరల బొమ్మలు అందాయి. ఎడమవైపు పాత షెడ్యూలు, కుడివైపు కొత్తది, మధ్యలో సన్నని గీత. చూడముచ్చటగా ఉన్నాయి. కాసేపు మురిసిపోయి, ఆ తర్వాత కాగితమూ పెన్సిలూ తీసుకుని కూర్చున్నాను. ఏ గంటలో ఏం మారిందో తేల్చుకోవడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసిన పెద్దమ్మకే అంతసేపు పడితే, మూడు నెలలకోసారి క్లినిక్కుకు వచ్చి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని డాక్టరు మాట వినే తల్లి సంగతి ఏమిటి?

నీ అంకెలే తీసుకుందాం. పాత బేసల్ (రోజంతా పంపు కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్): అర్ధరాత్రి నుంచి గంటకు 0.80 యూనిట్లు, తెల్లవారుజామున 3 నుంచి 1.05, ఉదయం 8 నుంచి 0.85, సాయంత్రం 6 నుంచి 0.90. కొత్తది: అర్ధరాత్రి నుంచి 0.80, 4 నుంచి 1.05, 8 నుంచి 0.85, 11 నుంచి 0.75, సాయంత్రం 6 నుంచి 0.90. నువ్వు మొదటి వరుసను మొదటి వరుసతో, రెండోదాన్ని రెండోదానితో పోల్చావు. అందువల్ల మధ్యలో ఒక్క వరుస కొత్తగా చేరేసరికి దాని కింద ఉన్నవి జరిగిపోయి, సాయంత్రం 6 గంటల రేటు కూడా మారినట్టు రంగు పడింది. అది మారనే లేదు.

వరుసలను కాదు, గంటలను పోల్చు. రెండు షెడ్యూళ్లలోని సమయాల హద్దులన్నీ ఒకే రోజు మీద గుర్తించి, ఆ రోజును ముక్కలు చేయి. ప్రతి ముక్కలో పాత రేటు ఎంత, కొత్త రేటు ఎంత అని చూస్తే నిజంగా మారినవి రెండే చోట్లు అని తేలుతుంది. 3 నుంచి 4 వరకు 1.05 కాస్తా 0.80 అయింది, 11 నుంచి సాయంత్రం 6 వరకు 0.85 కాస్తా 0.75 అయింది. రోజు మొత్తం మీద 21.55 యూనిట్ల నుంచి 20.60కి, అంటే 0.95 తగ్గింది. ఈ మొత్తాన్ని పైనే పెట్టు, డాక్టరు కన్ను ముందు అక్కడికే పోతుంది. కొన్ని పంపుల్లో అరగంటకొకటి చొప్పున 48 రేట్ల దాకా పెట్టుకోవచ్చు, కాబట్టి ఐదు వరుసలకు సరిపోయిన అందం నలభై ఎనిమిదికి నిలుస్తుందో లేదో కూడా చూసుకో.

మారని గంటలను మాత్రం దాచేయకు. ఇది నేను చేసిన తప్పు. తెర శుభ్రంగా ఉంటుందని ఒకసారి మారిన వరుసలే చూపించాను. పరీక్షకు వచ్చిన ఒక తల్లి చూసి, "సాయంత్రం 6 తర్వాత వీడికి ఇన్సులిన్ వద్దన్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ గుర్తొస్తుంది. మారనివాటిని లేత బూడిద రంగులో ఉంచు, కానీ చదవగలిగేంత ముదురుగా ఉంచు.

ఇక అసలు సంగతి. నీ రెండో తెరలో కార్బ్ రేషియో 10 నుంచి 8కి వచ్చింది, పక్కన కిందికి చూసే బాణం పెట్టావు. అంకె తగ్గిన మాట నిజమే. కానీ ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుందో చెప్పే అంకె అది. 60 గ్రాములున్న భోజనానికి నిన్నటిదాకా 6 యూనిట్లు వెళ్లేవి, ఇవాళ 7.5 వెళ్తాయి. అంకె 20 శాతం తగ్గితే ఇన్సులిన్ 25 శాతం పెరిగింది! నీ బాణం నిజం చెబుతూనే అబద్ధం ఆడుతోంది. కరెక్షన్ ఫ్యాక్టర్‌దీ ఇదే తంతు. ఒక యూనిట్ షుగరును ఎంత దించుతుందో చెప్పే అంకె అది. 50 కాస్తా 40 అయితే, లక్ష్యం కంటే 150 ఎక్కువున్న షుగరును దించడానికి 3 యూనిట్ల బదులు 3.75 పడుతుంది. లక్ష్యాన్ని తగ్గించినా ఇన్సులిన్ పెరుగుతుంది. నాలుగు సెట్టింగుల్లో అంకెతో పాటు నడిచేది బేసల్ ఒక్కటే, మిగతా మూడూ ఎదురు నడుస్తాయి.

అందుకే బాణాలు తీసేసి మాటల్లో రాయి: "ఇన్సులిన్ ఎక్కువ", "ఇన్సులిన్ తక్కువ". దాని పక్కన ఒక ఉదాహరణ భోజనం పెట్టి పాత మోతాదు, కొత్త మోతాదు చూపించు. అంకె మారిందని చూపడం పంపు కూడా చేయగలదు. ఆ మార్పుకు ఒంట్లోకి వెళ్లేది ఎంత మారుతుందో చూపడమే నీ తెర పని.

ఎరుపు, ఆకుపచ్చ వద్దు. ఎరుపంటే ప్రమాదమని, పచ్చంటే క్షేమమని చూసేవాళ్లు అనుకుంటారు. ఇన్సులిన్ పెరగడం చెడూ కాదు, తగ్గడం మంచీ కాదు. మగవాళ్లలో కొందరికి ఆ రెండు రంగులకూ తేడా తెలియదు, పైగా డయాబెటిస్ కళ్లనే దెబ్బతీసే జబ్బు. క్లినిక్కుల్లో ఈ పేజీని నలుపు తెలుపుల్లో అచ్చు తీసి, అది చూస్తూ పంపులో అంకెలు నొక్కుతారు. నీ రంగులన్నీ అక్కడ ఒకే బూడిద. నొక్కేది కాగితం చూసే కాబట్టి సెట్టింగుల వరుసా పేర్లూ పంపులో ఉన్నట్టే ఉండనీ. టాండెమ్ పంపులో ఒక సమయపు ముక్కలోనే బేసల్, రేషియో, కరెక్షన్, లక్ష్యం నాలుగూ కలిసి ఉంటాయి. మెడ్‌ట్రానిక్‌లో దేని సమయాలు దానివి. పంపు మార్చినవాళ్ల విషయంలో ఈ రెండు రకాలనూ పోల్చవలసి వస్తుంది. అప్పుడు కూడా గంటల పోలికే నిన్ను గట్టెక్కిస్తుంది.

అంకెలు రాసే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది. .8 అని ఎప్పుడూ రాయకు, చుక్క కనబడకపోతే అది 8 అవుతుంది. సున్నాతో మొదలుపెట్టి, చుక్కలన్నీ ఒకే నిలువు గీతలో వచ్చేలా పేర్చు. యూనిట్‌కు ఇంగ్లిషు పొడి అక్షరం వాడకుండా పూర్తి పదం రాయి. చేతిరాతలో ఆ అక్షరాన్ని సున్నా అనుకుని పది రెట్లు ఇచ్చేసే ప్రమాదం ఉందని ఆసుపత్రులు ఎప్పుడో నేర్చుకున్నాయి.

నీ ప్రోగ్రాము రాసే కుర్రవాడికి ఒక మాట చెప్పు. 100 మిల్లీగ్రాముల షుగరు లక్ష్యాన్ని 18తో భాగించి, షుగరుకు ఇంకో కొలమానమైన మిల్లీమోల్స్‌లో 5.6గా దాచి, మళ్లీ వెనక్కి తిప్పితే 101 వస్తుంది. ఎవరూ ముట్టుకోని సెట్టింగు మారినట్టు కనిపిస్తుంది. పోలిక ఎప్పుడూ పంపు ఇచ్చిన అసలు అంకెతోనే జరగాలి.

గడియారం సంగతి వేరు, అది నిజంగా భయపెడుతుంది. పంపులో పగలు, రాత్రి తారుమారుగా పెడితే తెల్లవారుజాము రేటు మధ్యాహ్నం నడుస్తుంది. నీ తెర మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తుంది. హైదరాబాదు నుంచి డల్లాస్ వచ్చినవాళ్లకు వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. పంపు గడియారం మార్చడం మరిచిపోతే ఏమవుతుందో నువ్వే లెక్కవేసుకో. వివరాలు పంపు నుంచి దించుకున్న క్షణంలో పంపు గడియారం ఎంత చూపిందో, కంప్యూటర్ ఎంత చూపిందో, రెండూ షెడ్యూలు నెత్తినే రాయి. "12:00" అని ఊరికే వదిలేయకుండా అర్ధరాత్రో, మధ్యాహ్నమో మాటలో చెప్పు.

షెడ్యూలు పేరును కూడా నమ్మకు. "సెలవులు" అన్న పేరు అలాగే ఉంచి లోపలి రేట్లన్నీ మార్చేసినవాళ్లను చూశాను. పోల్చవలసింది తేదీలను: పోయినసారి క్లినిక్కుకు వచ్చిన రోజు ఏది నడిచింది, ఇవాళ ఏది నడుస్తోంది. తెర తెరవగానే ఆ రెండే కనిపించాలి. మిగతావి కావాలనుకున్నవాళ్లు ఎంచుకుంటారు.

తనంతట తానే మోతాదు సర్దుకునే పంపులు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన మెడ్‌ట్రానిక్ 670జీ పంపు ఆటో మోడ్‌లో ఉన్నప్పుడు, మనం పెట్టుకున్న బేసల్ రేట్లను పక్కన పెట్టేస్తుంది. టాండెమ్ పంపుల్లోని కంట్రోల్-ఐక్యూ అలా కాదు, ఆ రేట్లనే ఆధారంగా తీసుకుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కాబట్టి "ఇది పెట్టుకున్న షెడ్యూలు, ఒంట్లోకి వెళ్లిన మోతాదు కాదు" అని పైన స్పష్టంగా ఉండాలి. లేకపోతే డాక్టరూ రోగీ కలిసి, నడవని రేటును దిద్దుకుంటూ కూర్చుంటారు.

"ఈ షెడ్యూలు మేలు" అని సలహా చెప్పే గడి ఒకటి పెడదామని మీ మేనేజరు అన్నారని రాశావు. ఒప్పుకోకు. అది డాక్టరు చూసుకునే పని.

పరీక్షించేటప్పుడు "తెర నచ్చిందా?" అని అడగకు, మొహమాటానికి అందరూ నచ్చిందనే అంటారు. "రాత్రి మూడున్నరకు ఏ షెడ్యూలులో ఇన్సులిన్ ఎక్కువ వెళ్తుంది?" అని అడిగి గడియారం చూడు. తప్పు చెప్పినవాళ్ల దగ్గర ఇంకాసేపు కూర్చో, వాళ్ల వేలు ఏ వరుస మీద ఆగిందో గమనించు.

తర్వాతి నమూనా నాకు ఫోనులో పంపకు. నలుపు తెలుపుల్లో అచ్చు తీసి, ముందు మీ నాన్నకు కళ్లద్దాలు లేకుండా చూపించు. ఆయన ఎక్కడ తడబడ్డారో ఆ చోట పెన్సిలుతో సున్నా చుట్టి, ఆ కాగితమే పోస్టులో వేయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ